పాల లెక్క పక్కన పులిహోర

తిరుమల ఆలయ వంటశాల అయిన పోటులో లడ్డుకు దిట్టం, అంటే సరుకుల లెక్క, ఉంది. 5,100 లడ్డూలకు శనగపిండి 180 కిలోలు, నెయ్యి 165 కిలోలు, చక్కెర 400 కిలోలు, జీడిపప్పు 30, ఎండుద్రాక్ష 16, కలకండ 8, యాలకులు 4 కిలోలు. గుప్పెడు, చిటికెడు, ‘చూసి వేసుకో’ లాంటి మాటలకు అక్కడ చోటు లేదు. ఉంటే కుదరదు కూడా. పోటులో ఎన్నో చేతులు వంతులవారీగా పనిచేస్తాయి. నిన్న తిన్న లడ్డు రుచే ఇవాళా ఉండాలంటే అంకె కాగితం మీద ఉండి తీరాలి.

అదే, ఇంట్లో సున్నుండల సంగతి అడిగి చూడండి. మినప్పప్పు దోరగా వేయించాలి, బెల్లం ఎవరి తీపిని బట్టి వాళ్లకి, నెయ్యి ఉండ కట్టడానికి ఎంత పడితే అంత. ఇల్లాలి దిట్టం అక్కడితో సరి. దోరగా అంటే ఎంతసేపు అని అడిగితే ‘వాసన వస్తుందిగా’ అంటుంది. ఆమె దాచుకుంటున్నదేమీ లేదు. ఆమె లెక్క ముక్కులో ఉంది, అంతే.

నిజానికి ఇంటి వంట కాగితం ఎక్కాల్సిన అవసరం చాలాకాలం లేదు. చేసేవాళ్లూ, నేర్చుకునేవాళ్లూ, తినేవాళ్లూ ఒకే కప్పు కింద ఉన్నంతకాలం చూపు చాలు. పిల్ల అత్తవారింటికి వెళ్లినప్పుడు, పిల్లాడు హాస్టల్లోనో పరాయి ఊళ్లోనో గది తీసుకున్నప్పుడు కాగితం గుర్తొస్తుంది. తమిళ ఇళ్లలో పెళ్లికూతురి సామాన్లలో చేరిపోయిన ‘సమైత్తు పార్’ అలా పుట్టిందే. వంటల గురించి బంధువులు అదేపనిగా అడుగుతుంటే ఎస్. మీనాక్షి అమ్మాళ్ అనే ఆవిడ వాటికి కొలతలు కట్టి 1951లో పుస్తకంగా వేశారు. తెలుగులో ఆ పెద్దరికం మాలతీ చందూర్‌ది. ఆంధ్రప్రభ వారపత్రికలో దశాబ్దాల పాటు ‘ప్రమదావనం’ నడిపిన ఆవిడ రాసిన ‘వంటలు-పిండివంటలు’ మళ్లీ మళ్లీ అచ్చయింది. సాహిత్య అకాడమీ అవార్డు 1992లో ఆవిడ నవల ‘హృదయనేత్రి’కి వచ్చింది. నూనె మరకలు మాత్రం ఎక్కువ ఇళ్లలో వంటల పుస్తకానికే పడ్డాయి.

అచ్చు పుస్తకానికి చెల్లెలి వరస ఒకటుంది. బ్యాంకువాళ్లో, ఎల్‌ఐసీ ఏజెంటో, ఎరువుల కొట్టువాళ్లో కొత్త సంవత్సరానికి ఇచ్చిన డైరీ అది. జనవరి పేజీల్లో పాల లెక్క పొందిగ్గా ఉంటుంది. ఫిబ్రవరికల్లా ఆ హుషారు అయిపోతుంది. మిగిలిన పేజీల్లో గ్యాస్ బండ వచ్చిన తేదీ, ఇస్త్రీ బట్టల పద్దు, చీటీ కట్టిన నెలలు, వాటి నడుమ ఎక్కడో పులిహోర. ఈ కాలమ్ రాసేవారి ఇంట్లో ఉన్న డైరీలో పులిహోర పేజీ ఇలా ఉంటుంది: బియ్యం అరకిలో, చింతపండు నిమ్మకాయలంతవి రెండు, పోపు సామాను, ఉప్పు రుచికి తగినంత. ఇందులో ఏ వంటల పుస్తకంలోనూ దొరకనిది ఒక్క ముక్కా లేదు. పేజీ పక్కన, వేరే సిరాతో, ఇంకో రెండు ముక్కలున్నాయి. ‘చింతపండు పాతది. పులుసు నల్లగా వచ్చింది.’ ఆ పేజీకి విలువ తెచ్చింది ఈ రెండు ముక్కలే.

వంట రాసుకోవడం అంటే చాలామంది విధానం రాసుకోవడం అనుకుంటారు. విధానం ఎక్కడైనా దొరుకుతుంది. ఫలానా రోజున, ఫలానా సరుకుతో, ఈ పొయ్యి మీద, ఈ ఇంటివాళ్లకు చేసినప్పుడు ఏం జరిగిందో మాత్రం ఆ ఇంట్లోవాళ్లు రాస్తే తప్ప ఇంకెక్కడా దొరకదు.

కొలతల దగ్గర మొదలుపెడితే, తెలుగు వంటింట్లో అవి ఎప్పుడూ లేకపోలేదు. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. బియ్యం డబ్బాలో సోలగిన్నె ఉండేది, మనిషికింత అని కొలిచి ఎసట్లో పోసేవాళ్లు. 1956లో తూనికలు కొలతల చట్టం వచ్చి దేశమంతా మెట్రిక్ పద్ధతి మొదలయ్యాక అంగడిలో కిలో, లీటరు స్థిరపడ్డాయి. వంటింట్లో మాత్రం సోల పోయి స్టీలు గ్లాసు వచ్చింది. గ్లాసుల్లో ఎన్ని సైజులున్నాయో పెళ్లిళ్లలో వచ్చిన గ్లాసులు చూస్తే తెలుస్తుంది. అయినా పెద్ద నష్టం జరగలేదు, ఎందుకంటే మన వంటల్లో చాలావాటికి కావలసింది వంతులు. నాలుగు గిన్నెల మామిడి ముక్కలకు ఆవపిండి ఒక గిన్నె, కారం ఒక గిన్నె, ఉప్పు దానికి కాస్త తక్కువ. గిన్నె ఏదైనా ఫరవాలేదు, అన్నిటికీ అదే గిన్నె అయితే చాలు.

ఉప్పు దగ్గర ఈ సూత్రం తడబడుతుంది. కళ్లుప్పు పలుకుల మధ్య గాలి సందులుంటాయి. అదే గిన్నెడు ప్యాకెట్ ఉప్పు తూస్తే బరువెక్కువ. పాతకాలంలో కళ్లుప్పు ఎండబెట్టి దంచి కొలిచేవాళ్లు కాబట్టి ఆ ‘గిన్నె’ దంచిన ఉప్పుది. దంచడం మానేసి పలుకులనే కొలిస్తే ఉప్పు తక్కువై ఊరగాయ బూజు పడుతుంది. పలుకులకు అలవాటైన కొలతతో ప్యాకెట్ ఉప్పు పోస్తే నోట్లో పెట్టుకోలేం. డైరీలో ‘ఉప్పు 1 గిన్నె’ అని ఉన్నచోట ‘దంచింది’ అన్న ఒక్క మాట చేరిస్తే మనవరాలికి ఒక జాడీడు ఆవకాయ దక్కుతుంది.

మాట పాతదే, సరుకు కొత్తది. ఇదొక పెద్ద తంటా. కారం అనే మాటనే తీసుకోండి. గుంటూరు సన్నం కారం వేరు, తేజ కారం వేరు. తేజ చాలా ఘాటు, సన్నం దానికి కాస్త నెమ్మది, కర్ణాటక నుంచి వచ్చే బ్యాడిగి రంగుకే గానీ మంటకు పనికిరాదు. యాభై ఏళ్ల కిందట ఎవరో రాసిన ‘గిన్నెడు కారం’ ఇవాళ తేజతో పోస్తే తినేవాళ్ల కళ్లెంట నీళ్లు. బియ్యం సంగతీ అంతే. బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి బీపీటీ 5204 అనే సాంబ మసూరి 1980లలో వచ్చాక తెలుగువాళ్ల పళ్లెంలో సన్నన్నమే అన్నమైంది. అంతకుముందు అక్కుళ్లు, మొలగొలుకులు తిన్న ఇంట్లో రాసిన ‘ఒకటికి రెండున్నర నీళ్లు’ ఇప్పటి బియ్యానికి ఎందుకు అతకాలి? అతకదు. ఒకే రకం బియ్యంలోనూ కొత్తవైతే నీళ్లు తక్కువ తాగుతాయి, పాతవైతే ఎక్కువ. ‘కొత్త బియ్యం, ముద్దయింది’ అని తేదీ వేసి రాసుకున్నవాళ్లకు వచ్చే సంక్రాంతికి ఆ చిక్కు రాదు.

సంక్రాంతి అంటే అరిసెలు. రాసుకోవడం ఎంత కష్టమో, ఎంత తేలికో ఈ ఒక్క వంటలో తెలిసిపోతుంది. బియ్యం నానబెట్టి, ఆరీ ఆరకుండా ఉండగానే దంచి, ఆ తడిపిండిని పాకంలో పోసి తిప్పాలి. పాకం ఎప్పుడు దించాలన్నదే అసలు విద్య. లేతపాకమైతే అరిసె నూనెలో విచ్చిపోతుంది, ముదిరితే రాయి. దీనికి ‘పదిహేను నిమిషాలు’ అని రాసే పుస్తకాలను నమ్మకూడదు. మంట ఎంతో, బెల్లం ఎంత తడిగా ఉందో, గిన్నె మందమెంతో ఆ పుస్తకానికేం తెలుసు? గిన్నెలో చన్నీళ్లు పెట్టుకుని ఒక చుక్క పాకం అందులో వేస్తే, వేళ్లతో దగ్గరికి తీసినప్పుడు మెత్తటి ఉండ కట్టాలి. మిఠాయి పని శాస్త్రంగా చదివినవాళ్లు థర్మామీటర్ పెట్టి 112 నుంచి 116 డిగ్రీల సెల్సియస్ అని చెప్పే స్థితీ ఇదే. పాకం మరుగుతున్నకొద్దీ నీరు పోయి చక్కెర చిక్కబడుతుంది, చిక్కబడ్డ కొద్దీ అది మరిగే వేడి పెరుగుతుంది. గిన్నెలో చన్నీళ్లు ఆ వేడిని వేళ్లకు అందేలా చదివి చెబుతాయి. అమ్మమ్మలది ఉరామరిక లెక్క అని నవ్వేవాళ్లకు ఇదొక జవాబు. ఉరామరిక అసలే కాదు, కాగితం మీద అంకెగా కనపడని కొలత.

ఎందుకన్నది చెప్పకుండా ఇలా చెయ్యి, అలా చెయ్యకు అని మాత్రమే అందిన సంగతులు వంటింట్లో బోలెడు. ఆవపెట్టిన కూరలో ఆవముద్ద దించాకే కలపాలి. పనసపొట్టు అయినా అరటికాయ అయినా అంతే. ఆవగింజ పొడిగా ఉన్నంతసేపు ఘాటుండదు. నలిగి, తడి తగిలినప్పుడు గింజలోని ఒక ఎంజైమ్ పనిచేసి ఘాటైన నూనె పుడుతుంది. వేడికి ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది, పుట్టిన ఘాటు కూడా ఆవిరై పోతుంది. పోపులో చిటపటలాడిన ఆవాలు నాలుకను కరవకపోవడం, చల్లారాక కలిపిన ఆవముద్ద ముక్కుకు ఎక్కడం ఇందుకే. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు చలికాలం అతిథులకు పెట్టిన భోజనంలో మిరియాల పొడి పడిన కూరలతో పాటు జలుబు వదిలించే ఆవపచ్చళ్లున్నాయి. వానాకాలానికి వడియాలు, వరుగులు. వేసవికి పలుచని అంబలి, చెరకు రసం, లేత కొబ్బరి నీళ్లు, మజ్జిగ. ఆ కావ్యం రాసిన కృష్ణదేవరాయలు రాజ్యమేలింది 1509 నుంచి 1529 దాకా. మిరపకాయ పోర్చుగీసు ఓడల్లో వచ్చి తెలుగు వంటింట్లో పెత్తనం సంపాదించడానికి ఇంకా సమయం ఉంది, అందుకే ఆ విస్తట్లో ఘాటంతా మిరియాలది, ఆవది. ఎంత గొప్ప కవి రాసినా ఆ పద్యాలు చేసే పని ఒకటి ఇంటి డైరీ కూడా చేయగలదు. ఏ రుతువులో ఏం తిన్నారో చెప్పడం.

రాసుకోవడం ఎందుకో పప్పు ఉడకని రోజు ఇంకా తిన్నగా చెబుతుంది. రాజమండ్రిలో చక్కగా మెదిగే కందిపప్పు హైదరాబాద్ బోరునీళ్లలో గింజగింజగా నిలబడుతుంది. నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం పప్పు కణాలను అతికించి ఉంచే పెక్టిన్‌ను గట్టిపరుస్తాయి. చింతపండు పులుసు ముందే పోసినా అదే పని జరుగుతుంది, పులుపు తగిలితే పప్పు మెత్తబడటం మందగిస్తుంది. పప్పు మెదిగాకే పులుసు పొయ్యాలని పెద్దలు చెప్పింది ఊరికే కాదు. కోడలికి వంట రాదని తేల్చేసిన ఎన్ని ఇళ్లలో నీళ్లు మారిన సంగతి ఎవరైనా పట్టించుకున్నారో! ‘క్యాన్ నీళ్లతో ఉడికింది’ అని ఎవరైనా ఒక మూల రాసి ఉంటే పాపం ఆ పిల్లకు కొన్ని మాటలు తప్పేవి.

కుక్కర్ వచ్చాక డైరీల్లో కొత్త కొలత చేరింది. మన దేశంలో ఇళ్లకు బాగా తెలిసిన రెండు కుక్కర్ కంపెనీలూ 1959 ప్రాంతంలోనే కుక్కర్ల తయారీ మొదలుపెట్టాయి. అప్పటిదాకా ‘రెండు పొంగులు రానిచ్చి’ అని రాసుకున్నవాళ్లు మెల్లగా ‘మూడు విజిల్స్’లోకి మారారు. విజిల్ చూడ్డానికి అంకెలా ఉంటుంది గానీ అది అంకె కాదు. కుక్కర్ ఎంత పెద్దది, ఎంత నిండింది, మంట ఎంత, బరువు ఏ కంపెనీది అన్నదాన్ని బట్టి మూడు విజిల్స్ ఆరు నిమిషాల్లో రావచ్చు, పావుగంట పట్టొచ్చు. లోపల వేడి 120 డిగ్రీల దాకా ఉంటుంది, పప్పును మెదిపేది ఆ వేడిలో గడిచిన సమయం. మొదటి విజిల్ తర్వాత సెగ తగ్గించి ఎన్ని నిమిషాలు ఉంచారో రాసుకుంటే కుక్కర్ మారినా ఆ ముక్క పనికొస్తుంది.

ఒకే తల్లి దగ్గర నేర్చుకున్న ఇద్దరు అక్కచెల్లెళ్ల పులుసు రెండు రకాలుగా ఉండటం మామూలే. పండగకు కలిసినప్పుడు ‘అమ్మ ఇంత బెల్లం వేసేది కాదే’ అని ఒకరు, ‘నువ్వు మర్చిపోయావక్కా’ అని ఇంకొకరు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. పెద్దదాని పెళ్లినాటికి అమ్మ చేసిన పులుసు వేరు. నాన్నకు బీపీ వచ్చి ఉప్పు తగ్గించి, ఆ లోటు తీర్చడానికి పులుపూ బెల్లమూ పెంచాక చిన్నది నేర్చుకున్న పులుసు వేరు. ఎవరి దగ్గరా తేదీ లేదు. వంటింటి రాతల్లో ఎక్కువగా కనపడని వస్తువు తేదీయే. డైరీలోనే రాస్తూ, ఆ పేజీ మీద అచ్చు వేసిన తేదీకీ రాసిన రోజుకూ సంబంధం లేకుండా రాయడం మరీ విచిత్రం.

దూరదేశం వెళ్లినవాళ్లు ఈ విషయంలో మెరుగు. అవసరం అలాంటిది. మినప్పప్పు ఒకటికి ఇడ్లీ రవ్వ రెండు అని అమ్మ చెప్పింది, రుబ్బి రాత్రి ఉంచితే తెల్లారేసరికి పొంగుతుందనీ చెప్పింది. జనవరిలో న్యూజెర్సీలో తెల్లారేసరికి పిండి వేసింది వేసినట్టే ఉంటుంది. పిండిని పులియబెట్టే సూక్ష్మజీవులకు 30 డిగ్రీల చుట్టూ వెచ్చదనం కావాలి. అమ్మ చెప్పిన విధానంలో హైదరాబాద్ ఎండ కూడా ఒక దినుసు, అది ఆమె లెక్కలో లేదు, ఎందుకంటే అది ఎప్పుడూ ఉంది. ఓవెన్ వెలిగించకుండా లోపలి బల్బు మాత్రం వేసి పిండి గిన్నె అందులో పెట్టడం అక్కడి తెలుగు ఇళ్లు కనిపెట్టుకున్న ఉపాయం. ఎన్ని గంటలు, బల్బు ఆపాలా వద్దా, ఉప్పు ముందే వెయ్యాలా అన్న వివరాలు ఫోన్ నోట్సులో ఒకరి నుంచి ఒకరికి పోతుంటాయి. అక్కడ పుట్టిన పిల్లలకు ఇదే మా ఇంటి ఇడ్లీ విధానం. బల్బుతో సహా.

రాతకు ఎక్కిన వంట అంతా చదువుకున్న ఇళ్ల వంటేనన్న మాట కూడా చెప్పుకోవాలి. అచ్చయిన పాత పుస్తకాల్లో చాలావరకు కందిపప్పు, నెయ్యి, పిండివంటలు. వట్టి తునకలు ఎలా ఎండబెట్టాలో, బోటి ఎలా కడగాలో, జొన్న గటక ఎంత చిక్కగా ఉండాలో చేత్తో చేసి చూపినవాళ్లున్నారు గానీ రాసినవాళ్లు అరుదు. మరాఠీలో షాహూ పాటోలే 2015లో ‘అన్న హే అపూర్ణబ్రహ్మ’ అని మరాఠ్వాడా దళితుల వంటల పుస్తకం రాసి ఆ ఖాళీని చూపించారు. మన వైపు జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు ఎవరూ విత్తని ఆకుకూరల గురించి తమకు తెలిసింది నలుగురికీ తెలిసేలా చేశారు. దొగ్గలి కూర, తుమ్మి కూర, గునుగు. చేలో కలుపు అని పీకి పారేసేవి కూరలో ఏ పప్పుతో కలుస్తాయో తెలిసిన చేతులవి. 2008లో వాళ్ల సంఘం రేడియో మొదలైంది, చదువు రాకపోయినా గొంతుతో నమోదు చేయొచ్చని దానితో రుజువైంది.

కెమెరా ఇంకో సాయం చేసింది. వందేళ్లు దాటిన వయసులో పొలం గట్టున కట్టెల పొయ్యి మీద వండి, ఆ వీడియోల ముందు లక్షలమందిని కూర్చోబెట్టిన మస్తానమ్మ 2018 డిసెంబరులో కన్నుమూసింది. పుచ్చకాయ డిప్పలో కోడికూర చూసినవాళ్లందరికీ గుర్తుంటుంది. వంట తెలిసినవాళ్లు చూసింది మాత్రం ఆమె గోళ్లతో అల్లం పొట్టు గీకడం, ఉప్పు అరచేతిలోకి తీసుకుని వేయడం. కలం ఇలాంటివి పట్టుకోలేదు. అలాగని వీడియో ఉంది కదా అని ఊరుకుంటే ఆ ఉప్పు ఎంతో తెలియదు. ఇంట్లో పెద్దావిడ వండుతుంటే ఫోన్ నిలబెట్టి తీసేవాళ్లు ఒక చిన్న పని అదనంగా చేయొచ్చు. ఆమె గుప్పిట తీసింది కూరలో పడేలోపు కింద వంటింటి త్రాసు మీద గిన్నె పెట్టడం. ఒకసారి విసుక్కుంటుంది, రెండోసారి తన గుప్పెడు ఎంత తూగిందో తనే అడుగుతుంది.

ఇది చదివేవాళ్లలో రాబోయే వేసవికి ఆవకాయ పెట్టేవాళ్లుంటే పేజీ నింపడం కష్టమేం కాదు. కాయ కొత్తపల్లి కొబ్బరా, చిన్నరసమా, జలాలా. ఏ ఊరి సంతలో, ఏ వారం కొన్నారు. టెంక ముదిరిందా. ముక్కలు కడిగారా, తుడిచి ఊరుకున్నారా. కారం ఏ మిరపది, ఉప్పు దంచిందా ప్యాకెట్టా, నూనె పైకి తేలడానికి ఎన్నిసార్లు పోశారు. ముక్కలు కొట్టేరోజు చేతులన్నీ ఆవపిండే కాబట్టి రాయడం కుదరదు. మూడోరోజు తిరగకలిపేటప్పుడు రాసుకుంటే మంచిది. అప్పటికి ఊట దిగి ఉంటుంది, ఉప్పు ఎంత పట్టిందో నాలుకకు తెలుస్తుంది. చాలకపోతే ఇంకో పిడికెడు కలిపి, ఆ పిడికెడు కూడా లెక్కలో రాసుకోవచ్చు.